గుడ్డుకి సంబంధం లేదు

"'ఎగ్ ఆన్' అంటే ఉసిగొల్పడం. పూర్వం గుడ్లు విసిరి మనుషుల్ని రెచ్చగొట్టేవారు కాబట్టి ఆ మాట వచ్చింది."

నాన్న మామిడితోట షెడ్డులో కాయల గుట్ట ముందు నిలబడి హరిత పాఠం వల్లిస్తోంది. రేపు నూజివీడు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి డెమో క్లాసు. ఇప్పటికే మూడు చోట్ల డెమోలోనే ఉద్యోగం చేజారింది.

"గుడ్డుకీ దానికీ సంబంధం లేదు అమ్మాయిగారూ."

తిరిగి చూసింది. ట్రేల్లో గడ్డి పరిచి చిన్నరసాలు సర్దుతున్న ముసలాయన. మైలవరం నుంచి కోతకొచ్చిన కూలీ.

"ఏంటి తాతా?"

"అది పాత నార్స్ మాటండి. సముద్రం దాటి ఇంగ్లండొచ్చినవాళ్ళది. 'ఎగ్యా' అంటే ఉసిగొల్పడం. కత్తి అంచుని ఎడ్జ్ అంటామే, అది దీనికి దాయాది. కోడిగుడ్డుది వేరే ఇల్లు."

పక్కనే కాయలు ఏరుతున్న కూలీ బుజ్జమ్మ కిసుక్కున నవ్వింది. "ఈయనింతేనమ్మా. కాయక్కూడా ఇంటిపేరు చెప్తాడు."

హరితకి ఒళ్ళు మండింది. "నీకెవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉందండి. ఒకరికివ్వాల్సిన పుస్తకం. పేజీలన్నీ ఉన్నాయో లేదో చూస్తూ చదివేశా."

"సరేలే. నువ్వు కాయలు చూసుకో, పాఠం నేను చూసుకుంటా."

ఆయన నొచ్చుకోలేదు. ముచ్చిక ఊడి సొన కారుతున్న కాయని పక్కకి తీశాడు.

"ముచ్చికతో కొయ్యకపోతే ఇలాగే మరకపడుద్దండి. మాటైనా అంతే. మీ దగ్గర పెద్ద డిక్షనరీ ఉందా?"

"ఉంది. మైలవరం హైస్కూల్లో ఇంగ్లీషు ఫస్టొస్తే ఇచ్చారు."

ఆయన ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. నవ్వాడు.

"అయితే అందులో ఉంటుంది. ఓసారి చూడండి."

మధ్యాహ్నానికి కోత ముగిసింది. కూలీలు లారీ ఎక్కి, చింతలపూడిలో మరో తోటకి వెళ్ళిపోయారు.

సాయంత్రం మనసాగక హరిత డిక్షనరీ తీసింది. పదో తరగతిలో బహుమతొచ్చిన రోజే ముచ్చటపడి హడావిడిగా తనే వేసుకున్న బ్రౌన్ అట్ట ఇంకా అలాగే ఉంది.

ఆయన చెప్పిందే. పొల్లుపోలేదు.

పాఠం నోట్సులో గుడ్ల కథ కొట్టేసి వరండాలోకి పరుగెత్తింది.

"నాన్నా, ట్రేలు సర్దిన తాత పేరేంటి?"

"యలమంద. ఏం, కాయలు పాడుచేశాడా?"

"లేదు నాన్నా. ఆయన ఫోన్ నంబరుందా?"

"ఆయనకి ఫోనెక్కడిదే!"

హరిత గదిలోకొచ్చి పుస్తకం మూయబోయింది. పాత అట్ట మడత దగ్గర చిరిగి చేతిలోకొచ్చింది.

ఇన్నేళ్ళూ ఆ మడత కింద ఉండిపోయిన అక్షరాలు, గుండ్రంగా, ఒద్దికగా: "ఇంగ్లీషులో ఫస్టొచ్చిన అమ్మాయికి... యలమంద, మామిడికోత కూలీ."