ఆఖరి రీలులో మాట

కెవ్వుమన్న కేక విని వాచ్‌మన్ కర్ర పుచ్చుకుని స్టూడియోలోకి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందమ్మా? ఎవరు?"

"ఏం కాలేదు, వెళ్ళవయ్యా. దయ్యం సినిమాకి గొంతులు చూస్తున్నాం," అంది అక్క నవ్వాపుకుంటూ.

అరిచిన అమ్మాయి గుక్కెడు నీళ్ళు తాగి, "బాగా వచ్చిందా సార్?" అని అడిగింది.

"వాచ్‌మన్ అదిరిపోయాడుగా, ఇంకేం కావాలి? కబురు చేస్తాం," అన్నాడు తమ్ముడు.

పాత సినిమాల్ని శుభ్రం చేసి, అందమైన పెట్టెల్లో డిస్కులుగా తెచ్చే చిన్న కంపెనీ ఆ అక్కాతమ్ముళ్ళది. బొమ్మ సంగతి అక్క చూసుకుంటుంది, శబ్దం సంగతి తమ్ముడు.

ఇప్పుడు చేస్తున్నది ఇద్దరికీ ప్రాణమైన సినిమా. అడిగి తెచ్చుకున్న కెమెరాతో, ఎవరి అండా లేకుండా ఒక పిచ్చి మహానుభావుడు తీశాడు. అందులో ఇల్లు మనుషుల్ని మింగుతుంది. వంటింట్లో వాన నేలమీంచి పైకి కురుస్తుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే తాతగారు బీరువా అయిపోతాడు. చివర్లో, ముఖమంతా సున్నం పూసుకున్న ఒక పాప గోడకు చెంప ఆనించి ఏదో అంటుంది. అంతే, ఇల్లు తలుపులన్నీ తెరిచి అందర్నీ వదిలేస్తుంది.

ఆ పాప ఏమంది?

అదే ఎవరికీ తెలీదు. ఆఖరి రీలులో శబ్దం పాడైపోయింది. పోనీ అప్పట్లో విన్నవాళ్ళున్నారా అంటే, ఆఖరి రీలుదాకా హాల్లో కూర్చున్న పుణ్యాత్ముడు ఒక్కడూ దొరకలేదు. "ఆ మాట నేను రాయలేదు, పాపే అంది. గదిలో నేనూ ఆ పిల్లా తప్ప ఎవరూ లేం," అని ఒక ఇంటర్వ్యూలో ఊరించి, ఆ మాటేమిటో చెప్పకుండానే దర్శకుడు కన్నుమూశాడు.

పాప కోసం తమ్ముడు వెతకని ఊరు లేదు.

"ఏం నటన అక్కా! దొరికితే కాళ్ళకి దండం పెడతా," అనేవాడు.

దొరకలేదు. చివరికి ఒక పెద్ద విమర్శకుడి చేత మాట రాయించి, పాపకి గొంతు ఇచ్చేవాళ్ళు కావాలని ప్రకటన వేశారు. అరిచేవాళ్ళు, గురగురలాడేవాళ్ళు, ముక్కుతో ఏడ్చేవాళ్ళు, అందరూ వచ్చారు.

అక్క బొమ్మ పని మీద పక్కగదిలోకి వెళ్ళింది. కేక పెట్టిన అమ్మాయి తర్వాత వచ్చినావిడ నడివయసు దాటిన మనిషి. సంచి ఎక్కడ పెట్టాలో తెలీక గుండెలకి హత్తుకుని నిలబడింది.

"ఇది చదవాలమ్మా," అని తమ్ముడు కాగితం ఇచ్చాడు.

'ఓ శిథిల గృహమా! నీ ఆకలికి నేనే ఆహుతి!' అని ఉంది అందులో.

ఆవిడ ముఖం చిట్లించింది. "ఇలా అరిస్తే జడుసుకోదూ?"

"ఎవరు?"

"ఇల్లు."

తమ్ముడు పకపకా నవ్వాడు. "జడుసుకోవాల్సింది చూసేవాళ్ళమ్మా, ఇల్లు కాదు!"

తెరమీద బొమ్మ మొదలైంది. ఆవిడ మైకు వదిలేసి, పక్కనున్న గోడకు చెంప ఆనించి మెల్లగా అంది.

"ఏడవకు. అమ్మొచ్చేదాకా నేనుంటాగా."

తమ్ముడి కళ్ళు శబ్దం కొలిచే మీటరు మీదే ఉన్నాయి. ముల్లు కదలనైనా లేదు.

"చెప్పాల్సింది మైకుకమ్మా, గోడకి కాదు. పైగా రాసిచ్చింది వదిలేసి సొంత కవిత్వం ఒకటి!"

"అది కాదు బాబూ, ఆ సినిమాలో..."

"బయట ఇంకా బోలెడు మంది ఉన్నారమ్మా. ఏమనుకోకండి, మీ గొంతు ఈ పాపకి నప్పదు."

ఆవిడ తెరకేసి చూసింది. గోడకు చెంప ఆనించిన పాప దగ్గర బొమ్మ ఆగి ఉంది.

"ముద్దుగా ఉంది," అని నవ్వి, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయింది.

ఆవిడ పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. పాప గొంతు చెప్పే అవకాశం కేక పెట్టిన అమ్మాయికే దక్కింది.

పెట్టె బయటికొచ్చింది. అబ్బ, ఏం పెట్టె! మూత తలుపులా కిర్రుమంటూ తెరుచుకుంటుంది. అక్క శుభ్రం చేసిన బొమ్మలో గోడలకి పట్టిన చెమట కూడా తెలుస్తోంది. పాత సినిమాలు సేకరించేవాళ్ళు ఎగబడి తీసుకున్నారు. ఒక్క పెట్టె మిగిలితే ఒట్టు.

ఒక ఉదయం ఆ పెట్టె చేత్తో పట్టుకుని భార్యాభర్తలిద్దరు స్టూడియోకి వచ్చారు. ఆయనకు పుట్టినప్పటి నుంచీ చెవులు వినబడవు. ఆయన చేతులతో చెప్తుంటే భార్య మాటల్లో పెట్టింది.

"మావారు ఈ సినిమా మీద పిచ్చెత్తిపోయారండీ. మీ ఇద్దరికీ దండం పెట్టడానికే వచ్చారు."

అక్క మురిసిపోయింది.

"ఒక్కటే సందేహమట. పాప ఒకటంటుంటే, కింద అక్షరాల్లో ఇంకొకటి వేశారేంటి అని."

"పాప ఏమందో ఎవరికీ తెలీదు కదండీ!"

ఆయన తెల్లబోయాడు. చేతులు గబగబా కదిలాయి.

"తెలియకపోవడమేంటి, పెదాల మీద అంత స్పష్టంగా కనబడుతుంటే, అంటున్నారండీ."

అక్క నాలుక్కరుచుకుంది. ఆ ముఖం మీద గీతలు తుడిచిందే గాని, పెదాలు చదవాలని తనకెప్పుడూ తోచలేదు. వెంటనే డిస్కు పెట్టింది. ఆయన పాప నోటికేసి చూస్తూ, పసిబిడ్డను జోకొట్టినంత నెమ్మదిగా చేతులు కదిపాడు.

భార్య పలికింది.

"ఏడవకు. అమ్మొచ్చేదాకా నేనుంటాగా."



"ఇల్లు రాక్షసి కాదురా," అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "ఒంటరిగా ఉండలేక అందర్నీ లోపలే పట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్ళూ మనం సినిమానే తప్పుగా చూశాం. ఎంత మాట! అంత పసిది ఎంత మాటందిరా!"

తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు.

"ఏరా, ఏమైంది?"

ఊరూరా వెతికిన పాప తనంతట తానే నడిచొచ్చి ఎదురుగా నిలబడితే, 'మీ గొంతు ఈ పాపకి నప్పదు' అని చెప్పి పంపించింది తనే.