పట్టని వెంట్

“ఇదీ పట్టలేదండీ.”

మెదెర్ జేబులోంచి ఏసీ వెంట్ తీసి బల్లమీద పెట్టాడు. పక్కనే గుడ్డలో చుట్టిన వేడి రొట్టె పెట్టాడు. మనిషి నిలువునా చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

అనారా ముఖం గంభీరంగా పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడం ఆవిడకి గగనమైపోయింది. ఎలా పడుతుంది మరి! పట్టనిదే ఏరి ఏరి ఇచ్చింది ఆవిడే.

బిష్కెక్ శివార్లలోని కారు సామాన్ల బజార్లో, డాష్‌బోర్డుల విషయంలో అనారాని మించినవాళ్ళు లేరు. భర్త పోయినప్పటినుంచీ ఆ ఇనుప కంటైనర్ కొట్టు ఆవిడే నడుపుతోంది. ఊళ్ళో సగం కార్లకి స్టీరింగు ఎడమవైపు, మిగతా సగం జపాన్‌వి, వాటికి కుడివైపు. గాలి వచ్చే ఆ ప్లాస్టిక్ వెంట్ ఒకదానిది రెండోదానికి చచ్చినా పట్టదు.

మెదెర్ మొదటిసారి వడగళ్ళవానకి ఆ కొట్లోకి దూరాడు. “ఏం కావాలండీ?” అంటే బిక్కచచ్చిపోయి, మేకుకి వేలాడుతున్న వెంట్ చూపించాడు.

“ఇదే. నాది విరిగిపోయింది.”

“స్టీరింగు ఎటువైపు?”

“మీరెటంటే అటేనండీ.”

“బాగుంది! కారు మీదా, నాదా?”

“కుడి... కుడివైపేనండీ,” అన్నాడు చెవులదాకా ఎర్రబడి.

ఆ రోజు అనారా నిజంగా పొరపాటునే ఎడమది ఇచ్చింది. అతను పల్లెత్తు మాట అనకుండా, తన తందూర్లో కాల్చిన రొట్టెతో తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఆవిడకి పొరపాటు అలవాటైపోయింది.

పక్క కొట్లో సంసాలు, అంటే మాంసం కూరిన సమోసాల్లాంటివి, అమ్మే కాలిపా ఇదంతా కనిపెడుతూనే ఉంది.

“ఒసే, పాపం తగుల్తుందే! ఆ చొక్కా పిండితే బకెట్ నిండుతుంది. గాలి ఆడని కార్లో ఆ మనిషిని ఇంకెన్నాళ్ళు ఉడకబెడతావే?”

“వెంట్ పట్టిందంటే ఇక రాడుగా అక్కా!”

“వచ్చి మాత్రం ఏం ఊడబొడుస్తున్నాడు? రొట్టె పెట్టడం, నేల చూడటం. నువ్వే అడిగెయ్యరాదూ?”

“ఛీ పో, నేనెలా అడుగుతాను!”

కానీ గడువు దగ్గరికొచ్చేసింది. ఎక్కడో దూరాన కొండల్లో, నరీన్‌లో ఉన్న అన్నయ్య, ఒంటరిగా ఎన్నాళ్ళుంటావు, కొట్టు ఖాళీ చేసి మా ఇంటికొచ్చెయ్యమని పట్టుబట్టాడు. ఆదివారం లారీ వేసుకుని వస్తానన్నాడు. వద్దు అన్నయ్యా అనడానికి అనారాకి ఒక కారణం కావాలి. ఆ కారణం ఎదురుగా నిలబడి నేల చూస్తోంది.

బల్లమీది రొట్టె పక్కకి జరిపి, ఇక ఉండబట్టలేక తనే కదిపింది.

“ఆదివారంతో ఈ కొట్టు మూసేస్తున్నానండీ. నరీన్ వెళ్ళిపోతున్నాను.”

మెదెర్ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. పెదవులు కదిలాయి. అనారా బల్లమీదికి వంగింది.

“మరి... నా వెంట్?” అన్నాడు.

“మీ వెంట్ మండిపోను!” అంది అనారా. విసురుగా లోపలికి వెళ్ళి, అసలు సిసలైనది, కుడి స్టీరింగుది, వెతికి తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఇది పట్టి తీరుతుంది. పట్టనీ. పీడా వదుల్తుంది.

ఆ రాత్రి ఆవిడ రొట్టె ముట్టలేదు. ఏడుపొచ్చింది కూడా.

మర్నాడు పొద్దున్నే మెదెర్ వచ్చాడు.

“ఇదీ పట్టలేదండీ.”

అనారా వెంట్ అందుకుని తిప్పి చూసింది. కుడిదే. పట్టకపోవడమేమిటి? పట్టి తీరాల్సింది! అంటే ఈ పెద్దమనిషి అబద్ధమాడుతున్నాడు. అమ్మ దొంగా! కాలిపా వైపు చూస్తే, ఆవిడ తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని సంసాల పళ్ళెం మీద పడి నవ్వుతోంది.

అయినా అతని నోట్లోంచి ఆ ఒక్క మాటా రావడం లేదే! సరే, కారు దగ్గరికి వెళ్దాం. వెంట్ చక్కగా పడుతుందని చూపిస్తే, ఏం చెప్పి తప్పించుకుంటాడో చూద్దాం. అనారా స్క్రూడ్రైవర్ తీసుకుని కొట్టు తలుపు దగ్గరికి లాగింది.

“పదండి, నేనే బిగిస్తాను.”

“మీరా? ఎందుకండీ శ్రమ! ఎండగా ఉంది...”

“ఎండ నాకు కొత్తా? నడవండి.”

“వదలకే!” వెనకనుంచి కేకేసింది కాలిపా.

మెదెర్ ముందు నడిచాడు, వధ్యశిలకి వెళ్తున్నట్టు. కార్లు ఆపిన మైదానం వచ్చింది. అనారా కుడి స్టీరింగున్న ప్రతి కారువైపూ ఆశగా చూసింది.

“ఇదా మీది?”

“కాదండీ.”

“పోనీ అదా?”

“ఇంకొంచెం ముందుకండీ.”

తెల్లవి దాటారు, నీలివి దాటారు. ఆఖరి కారు కూడా దాటేశాక అనారా నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆగిపోయింది.

“ఏమండోయ్, నరీన్‌దాకా నడిపిస్తారా ఏం?”

మెదెర్ ఆగాడు. టోపీ తీసి చేతుల్లో నలిపాడు. ఇన్నాళ్ళలో మొదటిసారి తల ఎత్తి ఆవిడ కళ్ళలోకి చూశాడు.

“మీరు నరీన్ వెళ్ళనని ఒక్క మాట అంటే, డ్రైవింగు నేర్చుకుని, ఆ వెంట్ పట్టే కారేదో వెతికి కొనుక్కుంటానండీ.”