కోయని పేజీలు

"నా మొగుడికి నాలుగేళ్లు జైలు వెయ్యడానికి మీకు నోరెలా వచ్చింది జడ్జిగారూ?"

వాల్‌బుర్గా విసిరిన పుస్తకం కాఫీ కప్పుల మధ్య పడింది. అది ఎదురుగా కూర్చున్న నౌంబుర్గ్ ఊరి జడ్జి బ్రేమే రాసిన తత్వగ్రంథమే.

"చలికోటు అమ్మి కొన్నాను. రెండువందల పన్నెండో పేజీ తియ్యండి. వానకి వాగు పొంగినట్టే మనిషి చేస్తాడు, తన ఇష్టమంటూ ఏమీ లేదని రాశారు. మరి మేస్త్రీని కొట్టడం మా ఆయన తప్పెలా అయింది?"

"కోర్టు వేరు, తత్వం వేరు. నీకు అర్థం కాలేదు."

"నల్లగౌను తొడిగితే ఒక మాట, విప్పితే ఇంకో మాటా?"

అదే పుస్తకం తన ప్రతి మీద బ్రేమే సంతకం కోసం వచ్చిన తోటి జడ్జి రుప్పెర్ట్ విసుక్కున్నాడు. "బట్టలుతికేదానితో వాదనేమిటండీ? గెంటించండి. ఆ అధ్యాయం ఎంత అద్భుతమో మనలాంటివాళ్లకి తెలుస్తుంది గానీ!"

"మీ ప్రతి ఇలా ఇవ్వండి. ఈవిడకి చదివి వినిపిస్తాను."

బ్రేమే ఎంత లాగినా ఆ పేజీ తెరుచుకోలేదు. ఆ రోజుల్లో కొత్త పుస్తకం కాగితాలు అంచుల దగ్గర కలిసే ఉండేవి, చదివేవాళ్లే చాకుతో కోసుకోవాల్సి వచ్చేది. రుప్పెర్ట్ పుస్తకంలో ముందుమాట దాటి చాకు పడలేదు.

రుప్పెర్ట్ చటుక్కున తన పుస్తకం వెనక్కి లాక్కున్నాడు.

బ్రేమే వాల్‌బుర్గా పుస్తకం అందుకున్నాడు. చివరి పేజీ దాకా వంకరటింకరగా కోసి ఉంది. అంచులు ఉల్లిపాయ వాసన వేస్తున్నాయి.

ఆయన లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. "కూర్చోండమ్మా."

"కూర్చోడానికి రాలేదు. జవాబు చెప్పండి."