ఒకే గిన్నె పప్పు

కాకినాడలో ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా వంట యంత్రానిదే. ఎవరి ఒంటికి ఏ ఆకులోని సారం మేలు చేస్తుందో రక్తం చూసి తేల్చి, ఎవరి కూర వారికి వేరుగా వండిపెడుతుంది. మాణిక్యాంబకు మెంతికూర, ఆమె భర్త సుబ్బారాయుడికి మునగాకు. జబ్బులు దగ్గరికి రావడం లేదన్నది నిజమే. కానీ ఒకరి కూర ఒకరు రుచి చూసి ఏళ్లయింది. భోజనాల వేళ అయ్యేసరికి, వండే పని లేక, మాణిక్యాంబకు కాలు ఒకచోట నిలిచేది కాదు.

ఆ ఆదివారం ఆమె యంత్రాన్ని ఆపేసి తన చేత్తో గోంగూర పప్పు వండింది. ఒకే గిన్నెలోంచి ఇద్దరికీ వడ్డించింది.

“గోంగూర నా కిడ్నీలకి పడదని యంత్రం చెప్పింది కదే!” అన్నాడు సుబ్బారాయుడు.

“ఈ ఒక్క పూటకేనండీ. భయమైతే మానెయ్యండి,” అంది. భయం ఆమెకూ ఉంది.

ఆయన కంచం దగ్గరికి లాక్కుని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

“ఉప్పు తగ్గిందే,” అన్నాడు.

తన వంటకు ఒకరు వంక పెట్టి ఎన్నేళ్లయిందో! మాణిక్యాంబ నవ్వబోయి ఏడ్చేసింది. ఉప్పు తెచ్చి, ఆయనకేమవుతుందోనని భయపడుతూనే చిటికెడు వేసింది.

“నువ్వూ కూర్చో, చల్లారిపోతుంది,” అన్నాడాయన, రెండో ముద్ద కలుపుతూ.