ఇటలీ కందిరీగ

పులివెందుల పెండ్లికి పోదామని, చాలా నెలల తర్వాత నా పాత వెస్పా స్కూటర్ మీద కప్పిన పట్ట తీశాను. డిక్కీ తెరవబోతుంటే గడపలోంచి నా భార్య నాగేంద్రమ్మ కేక వేసింది.

"మామా, కందిరీగ! కందిరీగ!"

నాకు కళ్లు చెమర్చాయి. వెస్పా అంటే ఇటలీ భాషలో కందిరీగ. ఈ బండి చరిత్ర ప్రొద్దుటూరులో నేను చెప్పని మనిషి లేడు. నన్ను చూసి సందు మార్చే వాళ్లూ ఉన్నారు. నేను మొదలుపెడితే చాలు, నాగేంద్రమ్మ మిక్సీ వేసేది. అలాంటిది ఇన్నేళ్లకు నా మాట ఆమె తలకెక్కింది!

"అదే మే! నడుము సన్నం, వెనక లావు, పైగా ఆ జుమ్మనే సద్దు. అందుకే ఆ పేరు పెట్టినారు," అంటూ గర్వంగా డిక్కీ తెరిచాను.

లోపల గూడు కట్టుకుని నిజం కందిరీగలే ఉన్నాయి.

ఆస్పత్రికి చేరేసరికి నా మొహం హెడ్‌లైటంత అయింది. పెదవులు ఉబ్బి మాట పడిపోయింది.

"ఏం కుట్టినాయమ్మా?" అని నాగేంద్రమ్మను అడిగాడు డాక్టరు.

"వెస్పాలు సార్. ఇటలీలో కందిరీగను అట్లే అంటారు. ఆడ యుద్ధంలో ఇమానాల ఫ్యాక్టరీ బాంబులకు కూలిపోయింది. జనాలకు తిరిగేదానికి ఏమీ లేకుంటే, నలభై ఆరులో ఈ స్కూటర్లు చేసినారు..."

ఒక్క ముక్క తప్పు పోలేదు. మధ్యలో అందుకుందామంటే నా నోరు తెరుచుకోలేదు.

నాగేంద్రమ్మ నన్ను చూసి డాక్టరు వైపు వంగింది.

"వాపు నిదానంగా తగ్గించండి సార్. ఇన్నేండ్లూ నేనే వింటి. ఈ నాలుగు దినాలన్నా నన్ను చెప్పనీండి."