ఉమ్మి బాల్టీలు

వసుమతి మెట్లు దిగుతూ ఠక్కున ఆగిపోయింది.

గోడకు వరసగా వేలాడే ఎర్ర బాల్టీల్లో ఒకదాన్ని కిందికి దించి, ఒక ముసలామె అందులో మోచేతుల దాకా చేతులు పెట్టింది. పిడికిళ్లతో బయటికి తీస్తున్నది ఇసుక కాదు. పాన్ ఉమ్మి పట్టి గడ్డకట్టిన ముద్దలు. వాటికి అంటుకున్న బీడీ ముక్కలు, కుళ్లిన సంత్రా తొక్కలు.

వసుమతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఛీ! ఎవరు నువ్వు? ఏంది గీ పని?"

"గలీజు తీస్తున్న బిడ్డా. మంచి ఇసుక తెచ్చిన, పోస్త."

"ఎవరు పంపిన్రు?"

"ఎవ్వరు పంపలే. నేనే వచ్చిన."

నాంపల్లి స్టేషన్ దగ్గర ఉన్న ఆ నగర కరెంటు ఆఫీసులో వసుమతి టైపిస్టు. ఎక్కడన్నా నిప్పంటుకుంటే చల్లడానికి ఇసుక నింపి పెట్టిన బాల్టీలవి. బిల్లు కట్టడానికి వచ్చేవాళ్లు, ఆఫీసువాళ్లు, అందరూ అందులోనే ఉమ్మేవాళ్లు. అబిడ్స్‌లో బస్సు దిగి నడిచొచ్చే వసుమతికి పొద్దున్నే ముందు ఎదురయ్యేది ఆ కంపే.

ఆ బాల్టీలనూ, మంటలార్పే సిలిండర్లనూ చూసుకోవాల్సింది శ్యామ్‌సుందర్. కంట్రాక్టు అతనిదని అందరికీ తెలుసు. నెలకోసారి స్కూటరు మీద వచ్చేవాడు. ఇంజనీరు గదిలో చాయ్ తాగేవాడు. సిలిండర్ల మెడకు, పరీక్షించినట్టు, కొత్త తేదీ చీటీలు కట్టించి పోయేవాడు. 'అన్నియు సక్రమముగా నున్నవి' అని టైపు కొట్టేది వసుమతే. అబద్ధమని తెలిసే కొట్టేది. ఇంజనీరు శ్యామ్‌సుందర్‌కు సొంత అన్న. ఇక ఎవరికి చెప్పుకోవాలి?

ముసలామె ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది. వారానికోసారి, నెత్తిన ఇసుక సంచితో. పై అంతస్తు బాల్టీలన్నీ ఒక్కొక్కటే తోమి, జల్లెడ పట్టిన ఇసుక నింపింది.

ఒకనాడు ఆమె ఆఫీసు కుండలో గ్లాసు ముంచుకుని నీళ్లు తాగడం వసుమతి కంటబడింది. ఆ చేతులే!

వసుమతి గేటు వైపు తిరిగి కేకేసింది.

"చౌకీదార్! ఈమెను బయటికి పంపు. మల్ల గేటు దాటి రావొద్దు."

"చేతులు కడుక్కున్న బిడ్డా. సబ్బుతోని కడుక్కున్న" అంది ముసలామె.

"పాపం, ముసల్ది అమ్మా" అన్నాడు చౌకీదారు. "ఒక్క నయాపైస అడగది."

"అడగకపోతే ఎందుకొస్తది? ఏమన్న ఎత్తుకపోతందుకే!"

ముసలామె ముఖం నల్లబడింది.

"కింది బాల్టీలు మిగిలినయ్ బిడ్డా. గవి గూడ జేసి పోత."

"పొమ్మన్ననా?"

ఆమె సంచి ఎత్తుకుని వెళ్లిపోయింది. వసుమతి నీళ్లన్నీ పారబోయించి, కుండ తోమించింది.

ఎండలు ముదిరాక, ఒక మధ్యాహ్నం కింద మీటర్ల గదిలో తీగలు అంటుకున్నాయి.

ఫిట్టర్ సైలస్ పరుగెత్తి గోడ మీది సిలిండరు లాగి మీట నొక్కాడు. అది తుస్సుమని కూడా అనలేదు. దాన్ని విసిరేసి బాల్టీ అందుకుని బోర్లించాడు. ఉమ్మితో గట్టిపడ్డ ముద్ద అడుక్కి పట్టుకుని ఊడిరాలేదు. వేళ్లతో పెకలించబోయాడు. అంతలో మంట అతని చొక్కా చేతులందుకుంది.

"పైకెల్లి తేండ్రి! పై బాల్టీలు!" అని అరిచాడు.

చౌకీదారు రెండు బాల్టీలతో దిగి వచ్చాడు. వెనకే ఇంకొకరు. పొడి ఇసుక జలజలా రాలింది. మంట అణిగింది.

అప్పటికే సైలస్ రెండు చేతుల తోలూ ఊడి వేలాడుతున్నది.

దవాఖాన వరండాలో సైలస్ భార్య ఫ్లోరా వసుమతి చెయ్యి పట్టుకుంది. "చేతి ఏళ్లు మల్ల వంగుతయో లేదో చెప్పలేమన్నరక్కా. గా చేతులతోనే గదా మా బతుకు."

వసుమతి తిరిగి వచ్చి చౌకీదారును అడిగింది.

"గా ముసలామెది ఏ గల్లీ?"

"ఎవరికెరుక అమ్మా? పేరు గూడ అడగలే మనం."

మూడోనాడు పెద్ద ఆఫీసరు విచారణకు వచ్చాడు. రాసుకోవడానికి వసుమతి పక్కన కూర్చుంది. శ్యామ్‌సుందర్ తెల్లటి టెరిలిన్ చొక్కాలో వచ్చి, గదిలోకి అడుగుపెట్టే ముందు వరండా బాల్టీలో తుపుక్కున ఉమ్మాడు.

"నీ కంట్రాక్టు సంగతి ఏందయ్యా గిది?" అన్నాడు ఆఫీసరు.

"నాది గాదు సార్. మా అన్న ఉన్న ఆఫీసుల నాకెట్లిస్తరు? కాయిదాలల్ల నా పేరు ఏడ లేదు."

"మరెవరిది?"

"మా ఇంట్ల బాసన్లు తోమే జయమ్మది. ఏలిముద్ర ఆమెదే. కేసు పెడితే ఆమె మీదనే పెట్టుండ్రి. తోల్కొచ్చిన, బయట ఉన్నది."

వసుమతికి ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. పనిమనిషి మెడకు ఉరి తగిలించి, రుమాలుతో మూతి తుడుచుకుంటున్నాడు వాడు. ఇలాంటివాడి కోసమా తను ఇన్నాళ్లూ టైపు కొట్టింది? ఆ పనిమనిషి లోపలికి వచ్చిన చప్పుడు వినిపించినా, ముఖం చూసే ధైర్యం చాలక తల కాగితాల మీదికి వంచుకుంది.

"నీ పేరు మీద గీ ఆఫీసు పని ఉన్నదని నీకు ఎరికేనా?" అని అడిగాడు ఆఫీసరు.

"ఎరికే సార్, మా దొర బిడ్డ కాయిదం చదివి చెప్పింది, నా పేరు మీదున్న పని నేనే జెయ్యాలె గదా అని వచ్చి జేసిన, కిందియే జెయ్యలేకపోయిన, తప్పు నాదే" అంది, వసుమతి వైపు చూడకుండా, ఆ ముసలామె.