మెత్తటి మాట

"'ఫర్‌గాట్' అని వేసేద్దామండీ. మనిషన్నాక మర్చిపోడం సహజం," అన్నాడు మేనేజర్, కిటికీ లోంచి బయటికి చూస్తూ.

"గొడుగు మర్చిపోతే ఆ మాట సరిపోతుంది సార్. ఆఫీసు కాగితంలో నప్పదు," అన్నారు డిక్షనరీ గారు.

లిఫ్టులు బాగుచేసే కంపెనీ అది. ఏ ఇంగ్లీషు కాగితం కదలాలన్నా డిక్షనరీ గారి చెయ్యి పడాల్సిందే. దాహం వేస్తే ఆయన నీళ్లు అడగరనీ, 'రిక్వెస్ట్' చెయ్యాలా 'డిమాండ్' చెయ్యాలా అని తేల్చుకునే లోపు గొంతు ఎండిపోతుందనీ తోటివాళ్ల వేళాకోళం. ఇవాళ మాత్రం ఎవరూ నవ్వడం లేదు.

తమ లిఫ్టు గుమ్మానికి సమంగా ఆగడం లేదనీ, జానెడు పైనే ఆగిపోతోందనీ ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ ఇంగ్లీషులో తన చేత్తో రాసి పంపింది. సోమవారం ఆఫీసుకు చేరిన ఆ ఫిర్యాదు మెకానిక్కుల దగ్గరికి వెళ్లనే లేదు. బుధవారం సాయంత్రం ఆవిడ లిఫ్టు దిగబోయి పడింది. తుంటి ఎముక విరిగింది. మళ్లీ నడుస్తుందో లేదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు.

కాగితాన్ని ఆపిన ఉద్యోగి మీద పై ఆఫీసుకి రిపోర్టు వెళ్లాలి. అంతా టైపయింది. ఒక్క క్రియ దగ్గర ఆగింది. మెత్తటి మాట పడితే హెచ్చరికతో పోతుంది. గట్టి మాట పడితే ఉద్యోగమే పోతుంది.

"పోనీ, 'ఓవర్‌లుక్డ్' అందాం."

"కంటపడకపోతే ఆ మాట. ఇక్కడ చూడటం, చదవడం, పక్కన పెట్టడం అన్నీ జరిగాయి."

"'ఒమిటెడ్'?"

"జాబితాలో ఒక పేరు జారిపోతే అది చాలు సార్. ఇక్కడ ఒక మనిషి మంచాన పడింది."

ఆయన వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆస్పత్రికి మూడుసార్లు ఫోన్ చేసి, అవతల ఎవరో ఎత్తగానే పెట్టేశారు. ఈ ఒక్క మాటతో ఒక ఇల్లు రోడ్డున పడుతుందని ఆయనకు తెలుసు. 

మేనేజర్ గొంతు తగ్గించాడు. "ఇన్నేళ్ల సర్వీసు. ఒక్క రిమార్కు లేదు. ఆడపిల్ల చదువు సగంలో ఉంది. కాస్త ఆలోచించండి."

"ఆవిడకీ ఓ కూతురుంది సార్. మొన్నట్నుంచి ఆస్పత్రి బెంచీ మీదే కూర్చుందట."

"కావాలని చేసింది కాదు కదండీ."

"కావాలని చేస్తే వేరే మాట ఉంది. చెయ్యాల్సిన పని తెలిసీ చెయ్యకపోతే ఇదొక్కటే."

'నెగ్లెక్టెడ్' అని కొట్టారు, ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నట్టు.

మేనేజర్ అది చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకోసారి చూసుకోండి. ఇక్కణ్ణించి కదిలాక నా చేతుల్లో ఉండదు."

"మాటలు చూసుకోబట్టే కదా సార్, ఇంతదాకా వచ్చింది."

ప్రింటర్ లోంచి కాగితం వచ్చింది. 'చదివి అందుకున్నాను' అన్న చోట గీత ఖాళీగా ఉంది. దాని మీద ఆ ఉద్యోగి సంతకం పడాలి. పెద్దావిడ రాసిన ఫిర్యాదు కూడా వెనకాల జతచెయ్యాలి. మేనేజర్ మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

డిక్షనరీ గారు తన సొరుగు లాగి, 'ప్లీజ్ సీ ది లిఫ్ట్' అన్న వాక్యంలో 'సీ' కొట్టేసి 'ఎగ్జామిన్' అనీ, అదీ కొట్టేసి 'ఇన్‌స్పెక్ట్' అనీ మూడు రోజులపాటు తానే ఎర్రసిరాతో దిద్దుతూ వచ్చిన ఆ ఫిర్యాదును బయటికి తీసి, రిపోర్టుకు పిన్ను కొట్టి, ఆ గీత మీద సంతకం పెట్టారు.